జేజినాయన ఇసబ్‌గోల్

నిన్న మా కూతురు మందుల షాపు నుంచి ఇసబ్‌గోల్ పొట్టు డబ్బా తెచ్చింది. నా చక్కెర అదుపులో ఉండటానికి, మాత్రలతో పాటు భోజనానికి ముందు ఒక చెంచాడు నీళ్ళలో కలుపుకుని తాగమని డాక్టరు చెప్పారట. ఆ తెల్లటి తేలిక పొట్టు వేళ్ళకు తగిలిందో లేదో, పత్తికొండలో మా వెనక వసారా, అక్కడ దీపం మీద బుడగలు వస్తున్న గాజు గొట్టం ఒక్కసారిగా తిరిగొచ్చాయి.

1957 ఎండాకాలం. నాకు పదమూడేళ్ళు నిండి రెండు నెలలు. మా జేజినాయనకు, అంటే మా నాయనను కన్న తండ్రికి, కాలి బొటనవేలి మీద పుండు లేచి నెలన్నరైనా మానలేదు. కర్నూలు డాక్టరు చక్కెర జబ్బని తేల్చాడు. రోజూ సూదిమందు, వరన్నానికి బదులు కొర్రన్నం, తీపి బంద్. వీటికి తోడు రెండు పూటలా ఇసబ్‌గోల్. "ఇది సూదికి బదులు కాదు పెద్దాయనా. కడుపులో జిగురుగా ఉండి, తిన్నదాంట్లో చక్కెరను నిదానంగా వదుల్తాది" అన్నాడు. మూడు వారాల్లో రంగు దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని కూడా అన్నాడు.

రంగు అంటే మూత్ర పరీక్ష. గాజు గొట్టంలో డాక్టరిచ్చిన నీలం మందు పోసి, ఎనిమిది మూత్రం చుక్కలు కలిపి స్పిరిట్ దీపం మీద కాచాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. ఇంట్లో చుక్క ఎక్కువా తక్కువా కానివ్వనిదాన్ని నేనేనని ఆ పని నాకు అప్పజెప్పారు. తేదీ, పూట, రంగు నోటుబుక్కులో రాసేదాన్ని. పదకొండు రోజులు వరుసగా నారింజ.

పన్నెండో రోజు మా అవ్వ, అంటే జేజినాయన భార్య, తమ్ముడింట్లో పురుడని ఆత్మకూరు వెళ్ళింది. ఇసబ్‌గోల్ కలిపే పని కూడా నా మీద పడింది. కుండ నీళ్ళలో చెంచాడు వేసి ఇచ్చాను.

జేజినాయన ఒక గుటక మింగి గ్లాసులోకి చూశాడు. "ఏందమ్మీ, ఈ పొద్దు మందు చప్పగుండాది."

మర్నాడు పసుపు. ఆ మర్నాడు ఆకుపచ్చ. వేడి గొట్టం పైట చెంగుతో పట్టుకుని, అందరికీ చూపించడానికి వీధి దాకా పరుగెత్తాను. పదిహేనో రోజు అవ్వ తిరిగొచ్చింది. పదహారో రోజు మళ్ళీ నారింజ.

సూది అదే, కొర్రన్నం అదే, పొట్టు అదే. మారింది కలిపే చెయ్యి ఒక్కటే. మర్నాడు మధ్యాహ్నం వంటింటి తలుపు పక్కన నిలబడి చూశాను. అవ్వ చెంబులో నిమ్మకాయంత బెల్లం నలిపి, ఏలకుల పొడి వేసి, ఆ పానకంలో ఇసబ్‌గోల్ చల్లింది. మా వైపు ఎండలకు సబ్జా గింజలు అట్లాగే తాగుతారు. నీళ్ళలో ఉబ్బి జారేది ఏదైనా అవ్వ దృష్టిలో సబ్జానే.

"ఏం చేస్తాండావవ్వా?"

"ఉత్త నీళ్ళల్లో ఆ జిగురు గొంతు దిగుతాదా? తీపి తినొద్దన్యాడు గానీ, తాగొద్దన్యాడా మీ డాక్టరు?"

నోటుబుక్కు తెచ్చి, తను ఉన్న రోజులు, లేని రోజులు వేరువేరుగా చదివి వినిపించాను. అవ్వ చెంబు కింద పెట్టేసింది. నేరుగా వసారాలో కూర్చున్న జేజినాయన దగ్గరికి వెళ్ళింది. "నాకంటే తెల్దు. నీకు నాలిక లేదా?"

"కర్నూలు మందు గదా, శానా బాగుండాది అనుకుంటి."

"వేలు పోయినా సరే, పానకం దక్కితే సాలనుకున్యావు."

అప్పటికి మిగిలింది నాలుగు రోజులు. చప్పటి నీళ్ళు, అవ్వ కాపలా. పసుపు, ఆకుపచ్చ, మళ్ళీ ఆకుపచ్చ. ఇరవై ఒకటో రోజు పొద్దున ఇంటిల్లిపాదీ వసారాలో చేరారు. దీపం మీద గొట్టంలో మందు ఉడికింది, పొంగింది, నీలంగానే నిలిచింది. డాక్టరు వేలు ముట్టుకోలేదు. అందులో సూది పాలెంత, కొర్రన్నం పాలెంత, ఇసబ్‌గోల్ పాలెంత అన్నది నేటికీ తెగని లెక్క. ఆ మూడు వారాలు ఎట్లా గడిచాయో చూసుకోవాలంటే నోటుబుక్కు కావాలి గానీ, ఆ ఉదయం గొట్టం కాగిన రెండు నిమిషాలు మాత్రం నాలో ఇంకా గడుస్తూనే ఉన్నాయి.