మా అత్త కూర్చున్న బెల్టు

ఆ రోజుల్లో చెట్టెక్కడం ఒక పని అనీ, ఆ పనికి సామాను కొనాలనీ మా వైపు ఎవరైనా అంటే పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. రెండు చేతులు, రెండు కాళ్ళు ఉంటే చాలు, అవి దేవుడు ఇచ్చే పంపించాడు కదా అన్నట్టుండేది లెక్క. తర్లుపాడు పక్కన మా పల్లెలో ఎండాకాలం మేకలకు మేత దొరక్కపోతే మగవాళ్ళు నడుముకు కొడవలి దోపుకుని ఏ తుమ్మచెట్టో వేపచెట్టో ఎక్కి నాలుగు కొమ్మలు కొట్టి కింద పడేసేవాళ్ళు. దిగేటప్పుడు మోచేతులు గీసుకుపోతే పసుపు రాసుకునేవాళ్ళు. (తుమ్మముళ్ళు గుచ్చుకుంటే మాత్రం ముందు తిట్లు, ఆ తర్వాతే పసుపు.) ఇప్పుడు మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఎవరింటి మీదికి కొమ్మ వాలినా నాకు ఫోనొస్తుంది. మిషన్ రంపాలు, హెల్మెట్లు, తాళ్ళు, ఒక ట్రాలీ ఆటో, వెంట మనుషులు అన్నీ అమరాయి. ఇదంతా ఎలా నేర్చావని అడిగేవాళ్ళకు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నానని గొప్పగా చెబుతుంటాను. అది సగమే నిజం. మిగతా సగం మా అత్త.

అత్త అంటే మా మేనమామ భార్య. చిన్నప్పటినుంచీ నేను వాళ్ళింట్లోనే పెరిగాను. మామ మెతక మనిషి. గొర్రెలు, మేకలు, మామ, నేను అందరం అత్త అదిలింపుకే నడిచేవాళ్ళం. మనిషి బరువైనది, గొంతు అంతకంటే బరువైనది. దొడ్డి దగ్గర నిలబడి పిలిస్తే వాగు అవతల మేస్తున్న మంద తలెత్తి చూసేది. అలాంటి మనిషి భయపడగా నేను చూసింది ఒక్క చెట్టుకే. ఒక ఎండాకాలం మేకలకు కొమ్మలు కొడుతూ మామ వేపచెట్టు మీంచి పడ్డాడు. తుంటి విరిగి చాలాకాలం మంచంలో ఉండి, లేచాక కుంటుతూ నడిచాడు. ఆ రోజునుంచి ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. "ఈ ఇంట్లో మనుసుల కాళ్ళు ఇంక నేల మీదే వుండాల. చెట్టెక్కినోడికి ఈడ కూడు లేదు," అంది అత్త. అప్పటినుంచి మా మేకలకు దోటితోనే (పొడుగాటి గెడకు కొడవలి కట్టి) అందినంత మేరకు కొమ్మలు లాగేవాళ్ళం, అందనిది చెట్టుకే వదిలేసేవాళ్ళం.

అలాంటి ఇంట్లో నేను చెట్లు కొట్టే పని పెట్టుకుంటానన్నాను. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నాను, చేతికి కొత్తగా ఫోను వచ్చింది. అందులో ఏ దేశంవాళ్ళో హెల్మెట్లు పెట్టుకుని, తాళ్ళకు వేలాడుతూ, ఇంత లావు కొమ్మను కోసి పసిబిడ్డను దించినట్టు మెల్లగా కిందికి దించేవాళ్ళు. అది చూసినప్పటినుంచి నాకు వేరే ధ్యాస లేదు. మామ తువ్వాలును బెల్టులాగా నడుముకు బిగించి అద్దం ముందు నిలబడిన రోజులు కూడా ఉన్నాయి. (అద్దం చిన్నది, నడుము కనపడాలంటే మంచమెక్కాల్సి వచ్చేది.) సరిగ్గా అప్పుడే గిద్దలూరులో మామకు తెలిసిన ఒక టీచరమ్మ ఇంటి రేకుల మీదికి నిద్రగన్నేరు కొమ్మ ఒకటి వాలింది. గాలివానలు మొదలవకముందే దాన్ని తీయించాలని ఆమె మనిషి కోసం వెతుకుతోంది. ఆ పని చేయగలిగితే నాకో దారి దొరుకుతుంది. లేకపోతే ఊళ్ళోవాళ్ళతో పాటు హైదరాబాదుకు మేస్త్రీ పనికి బస్సెక్కాలి. నాకు హైదరాబాదంటే భయం, అత్తకు చెట్టంటే భయం.

చివరికి ఒక పొద్దున అత్తే ఆ మాట కదిలించింది. "సామాను నేను చూస్తా. నాకు నచ్చితే ఎక్కు. నచ్చకపోతే మందెంట పోవాల. సరేనా అల్లుడా?"

సరేనన్నాను. సామాను సంగతి ఆమెకేం తెలుసులే అని లోపల ధైర్యం. రెండు పొట్టేళ్ళను సంతలో అమ్మేసి, ఆ డబ్బు రొంటిన దోపుకుని, మామనూ నన్నూ వెంటబెట్టుకుని మార్కాపురం బస్సెక్కింది.

దుకాణంలో నా కళ్ళు రంపం మీదే ఉన్నాయి. దాన్ని పట్టుకుని ఒక ఫోటో దిగితే చాలు జన్మ ధన్యం అనుకునే వయసు. దుకాణం అన్న దాన్ని బల్ల మీద పెట్టగానే అత్త వంగి గొలుసు పళ్ళ మీద వేలు ఆనించి చూసింది. గొర్రె మూతి తెరిచి పళ్ళు చూడకుండా ఆమె ఏనాడూ బేరం మొదలుపెట్టలేదు. "పళ్ళు బాగనే వున్నాయి. మేత ఎంత తింటాది?" అని అడిగింది. ఆయన నవ్వకుండా పెట్రోలు ఖర్చు చెప్పాడు. "ఇది తర్వాత. మనిసిని పట్టుకునేది యాడుంది, ముందు అది సూపించు," అంది.

ఆయన నడుముకు పెట్టుకునే బెల్టు తీశాడు. "పెయింటింగోళ్ళంతా ఇదే తీసకపోతారక్కా."

"నడుంకాడ ఒక్క పట్టు పట్టి ఎత్తితే గొర్రెపిల్లయినా తన్నుకుని జారిపోతాది తమ్ముడా. వీడు గొర్రెపిల్ల కంటే నిలకడ తక్కువోడు."

అలా నా గుణగణాలు బజారున పడ్డాక, భుజాలకూ తొడలకూ కూడా పట్టీలుండే పెద్ద బెల్టు బయటికి వచ్చింది. అత్త దాని కుట్లను వెలుతురుకు పెట్టి చూసింది. పట్టీ మీద కాలేసి తొక్కి రెండు చేతులతో లాగింది. తాడు చుట్ట విప్పించి, ఈ కొసనుంచి ఆ కొసదాకా పిడికిట్లోంచి జార్చి చూసింది. దుకాణం నిండా తాడు, తాడు మధ్యలో మామ. హెల్మెటును నా నెత్తిన పెట్టి పుచ్చకాయను కొట్టినట్టు కొట్టి శబ్దం విన్నది. అన్నీ కుదిరాక మామ భుజం మీది తువ్వాలు లాగి, దాని కింద చెయ్యిపెట్టి దుకాణం అన్న వైపు చాపింది. సంతల్లో జీవాల బేరం అట్లాగే, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని, పక్కవాడికి తెలియకుండా సాగుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో అలా బేరమాడిన మనిషిని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. నేను సిగ్గుతో గోడనున్న మేకులు చూస్తూ నిలబడ్డాను. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత మెల్లగా తనూ చెయ్యి పెట్టాడు. వాళ్ళ నాయన పామూరు సంతలో గొర్రెలు అమ్మినాయనేనట. బేరం తెగింది.

ఇంటికొచ్చాక, ఇక ఎక్కడమే తరువాయి అనుకున్నాను. "ఆగు. ఇంగా సూడలేదు," అంది అత్త. దొడ్డి పక్కన చింతచెట్టు కొమ్మకు తాడేసి, బెల్టుకు ఇసుక మూట కట్టి లాగుదామన్నాడు మామ.

"ఇసుకకు నోరుందా? యాడ కోస్తాందో అది చెప్తాదా?"

"పోనీ పొట్టేలును కడదాం."

"అది చెప్తే నీకు అర్థమైతాదా?"

అత్త చీర పైకి దోపి, గోచీ పోసి, బెల్టులో కాళ్ళు పెట్టింది. మేమిద్దరం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే "లాగండి," అంది. సామానుతో కొన్న కప్పీ ఉంది కాబట్టి సరిపోయింది. ఇరుగుపొరుగు ఇద్దరు సాయం పట్టారు కూడా. మా అత్త నేల వదిలి, దొడ్డి కంచె దాటి, మామ తలపాగా దాటి, మెల్లగా చింతకొమ్మల్లోకి వెళ్ళింది. చెట్టు పేరెత్తితే మొహం తిప్పుకునే మనిషి అంత పైన బెల్టులో కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కాసేపటికి తెరిచింది. తాడును మొదలుకు కట్టేశాం.

"దించమంటావా?" అని అడిగాడు మామ.

"దించబాక. ఈడ్నించి కొండలు బాగ కనపడతాండాయి."

అంతే, ఇక దిగలేదు. పైనుంచే పెత్తనం మొదలైంది. మా మేక ఒకటి పక్కవాళ్ళ కందిచేలోకి దూరడం చూసి దాన్ని పేరు పెట్టి తిట్టింది. పొయ్యిమీద అన్నం మాడుతోందని మామను పరిగెత్తించింది. చింతచెట్టు కింద బండి మీద పోతున్న ఒకాయన, పైన మనిషి వేలాడుతుంటే చూసి బెదిరిపోయి బండి ఆపాడు. "ఎవరింటికి నాయనా?" అని అత్త ఆకుల్లోంచి పలకరించేసరికి పాపం ఆయన వచ్చిన పని మరిచిపోయాడు. నేను ఫోనులో వీడియో తీసి ఊరంతా చూపించాను. మా అత్తకు ఉయ్యాల దొరికిందనీ, చిన్నపిల్లలాగా దిగనంటోందనీ చెప్పి నవ్వించాను. మందలు ఇల్లు చేరే వేళకు దించమంది. దిగి, చెట్టు పట్టుకుని కాసేపు నిలబడి, కాస్త ఎడంగా అడుగులేస్తూ ఇంట్లోకి పోయింది. దానికీ నవ్వాను.

మర్నాడు పొద్దున చూస్తే వాకిట్లో కూర్చుని గొంగళి కోస్తోంది. అది వాళ్ళ నాయన ఇచ్చిన గొంగళి, వానలో కూడా బయటికి తీసేది కాదు. దాని అంచు కత్తిరించి మడతలు పెట్టి తొడల పట్టీలకు దబ్బనంతో కుడుతోంది. "ఆడ కొంచెం కోస్తాది," అంది. "ఇంగ ఎక్కు," అని కూడా అంది, తల ఎత్తకుండానే.

గిద్దలూరు పని బాగానే జరిగింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిద్రగన్నేరు మీదే ఉండి, ఆ కొమ్మను ముక్కలుగా కోసి, ఒక్క రేకూ పగలకుండా దించాను. అత్త కింద నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూనే ఉంది. నాకు పట్టీలు ఎక్కడా కోయలేదు. ఎందుకు కోయలేదని ఆలోచించే తెలివి అప్పట్లో లేదు, ఫోటో బాగా వచ్చిందా లేదా అన్నదే ఆలోచన.

పోయిన నెల పాత బెల్టు కుట్లు వదులయ్యాయని కొత్తది తెప్పించాను. పాతదాని గొంగళి ముక్కలు విప్పి దీనికి కుట్టించేలోపల ఊరికే ఒకసారి కూర్చుని చూద్దామనిపించింది. అదే చింతచెట్టు, అదే కొమ్మ. ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, లాగిన కుర్రాళ్ళు ఆ సంగతి మొహాల్లో దాచలేదు. కూర్చున్న కాసేపటికే పట్టీలు తొడల్లోకి దిగడం మొదలైంది. ఇంకాసేపటికి పాదాలు తిమ్మిరెక్కాయి. కింద మంచం మీద అత్త, మోకాళ్ళ నొప్పులతో, చేతికర్ర పక్కన పెట్టుకుని, నన్నే చూస్తోంది.

"అత్తా, ఆ రోజు గొంగళి కూడా లేకుండా అంతసేపు ఎట్ల కూచున్నావు?"

"నువ్వు అంతసేపు కూచోవాల గదరా," అంది.

నేను ఊరంతా తిప్పి చూపించిన ఆ వీడియో గుర్తొచ్చింది. అందులో ఆమె నవ్వుతూనే ఉంది, చేతులు మాత్రం తాడును విడవలేదు. అంత పైన కళ్ళు తడిస్తే తుడుచుకోవడం కష్టమని ఇన్నాళ్ళకు తెలిసింది నాకు. దించండిరా అని కుర్రాళ్ళకు చెప్పబోయాను.

"అప్పుడే యాడికి దిగుతావు? ఇంగా పొద్దుంది," అని, మామను కేకేసి దబ్బనం తెమ్మంది. నేను పొట్ట సర్దుకుని మళ్ళీ కూర్చున్నాను. నిజమే, అక్కణ్ణించి కొండలు బాగానే కనపడుతున్నాయి.