పడవ దీపానికి వీపు వేడి

"అయితే పడవ అమ్మేస్తారేంటండి?"

"నా పడవ నేనెందుకమ్ముతానండీ!"

నిడదవోలు స్టేషన్లో, రైలు కోసం నా పక్కన కూర్చున్న ఒకావిడా నేనూ చివరగా అనుకున్న మాటలివి. ఆవిడ పేరు అడగలేదు. పోయిన మా ఆయన పడవకుండే పాత ఇత్తడి దీపం నా ఒళ్ళో ఉంది. అందులో ఎల్ఈడీ పెట్టిస్తే రెండుసార్లు మాడిపోయింది. "ఆ వెలుగు అన్నయ్యతోనే పోయింది, పడవ నాకమ్మెయ్ వదినా" అని మా మరిది పట్టుబట్టాడు.

ఆవిడ దీపాన్ని వెనక్కి తిప్పి చూసి పకపకా నవ్వింది. నీళ్ళు దిగకూడదని వెనకంతా మైనం కూరింది నేనే.

"చల్లటి దీపమని దుప్పటి కప్పేశారా! మా లాంచీలోనూ ఇలాగే మాడ్చుకున్నామండి. దీని వేడంతా వీపునే ఉంటుంది. ఆ వీపుని ఇత్తడికి ఆనించి బిగించండి, వేడి ఇత్తడి లాగేస్తుంది. నీళ్ళకంటారా, అంచు చుట్టూ రబ్బరు చాలు."

జడలోంచి పిన్ను తీసి, రైలొచ్చేదాకా ఆ మైనమంతా తనే గీకి పారేసింది.

ఇప్పుడు ఆ దీపం పెట్టుకునే గోదాట్లో వలేస్తున్నాను. ఇత్తడి వేడెక్కుతుంది, వెలుగు మాత్రం ఆరదు.

రాశావా అమ్మడూ? ఏదీ, మొదటినుంచీ చదువు. మీ బాబాయి అరుగు మీదే కూర్చున్నాడు, కాస్త గట్టిగా చదవవే.