అన్న తవ్విన బోదె

మధ్యాహ్నం అన్నం తిని అలా నడుం వాల్చానో లేదో, తలగడ పక్కనున్న ఫోను ఒక్కసారిగా గీపెట్టింది. ఎవరింట్లో ఏం ముంచుకొచ్చిందోనని గబుక్కున అందుకున్నాను, తీరా చూస్తే వాన కబురు. మరో మూడు గంటల్లో పాడేరు చుట్టుపక్కల ఉరుములతో భారీ వర్షం, జాగ్రత్తగా ఉండండని. అంతే, ఇక నాకు నిద్రెక్కడిది! లేచి ట్రంకుపెట్టె మంచం మీదికెక్కించాను, పింఛను కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టాను, అగ్గిపెట్టెలు రెండు బియ్యం డబ్బాలో దాచాను. బడినుంచి ఫోను చేసిన మా అమ్మాయి ఇదంతా విని నవ్వింది. శ్లాబు ఇల్లు, ముందు సిమెంటు కాలువ, ఇంకా ఎందుకమ్మా నీకీ గాభరా అంటుంది. అది ఈ పాడేరులోనే టీచరు, నాతోనే ఉంటుంది. కొండ మీద ఆ పెద్ద వాన పడ్డనాటికి దానికి ఆరేళ్లు, గుర్తు లేదు. పోనీలే, దానికి గుర్తు లేకపోవడమే మంచిది.

నేను పుట్టింది అరకు లోయ పైన ఒక చిన్న కొండపల్లెలో. ఎనిమిదో ఏట నన్ను సాలూరు తీసుకెళ్లి హాస్టల్లో వేశారు. అక్కడే చదివాను, అక్కడే చర్చికి వెళ్లడం నేర్చాను, ఆ తర్వాత నర్సు ట్రైనింగు చేసి మందుల పెట్టె పట్టుకుని పల్లెలు తిరిగే ఉద్యోగంలో పడ్డాను. చదువైతే వచ్చింది గానీ, మా కొండ మీద ఏ కాలంలో నీళ్లు ఎటునుంచి దిగుతాయో, పశువులు కాసే గుంటడికి తెలిసినంత కూడా నాకు తెలియకుండా పోయింది. సెలవులకి వచ్చి చుట్టంలా తిని పోయేదాన్ని. ఒక వేసవికి వచ్చేసరికి కింద చదునులో ఉండాల్సిన పశువుల సాల అక్కడ లేదు, ఇంటి వెనక్కి మారిపోయి ఉంది. ఎందుకు మార్చారని అడగాలని కూడా నాకు తోచలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

తొంభైల మొదట్లో, పిల్ల ఇంకా చంకలో ఉండగానే, మా ఆయన జ్వరంతో పోయాడు. అద్దె గదిలో ఒక్కదానివే ఏం పడుంటావు, వచ్చి మా పక్కనే ఇల్లు కట్టుకో, అమ్మ కూడా కళ్లెదుటే ఉంటుందని మా అన్న తనే జీపెక్కి వచ్చి పిలిచాడు. మాలో ఆడపిల్లకి భూమి పంచే ఆచారం లేదు. అలాంటిది అడగకుండానే చెల్లెలికి చోటిచ్చాడని ఊరు ఊరంతా మెచ్చుకుంది. నేనైతే ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ఇలాంటి అన్ననిచ్చిన దేవుడికి స్తోత్రమని సాక్ష్యం కూడా చెప్పాను. ఇప్పుడది తలుచుకుంటే నా నోటిమీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నా మనసు కొండవాలులో మాకున్న పై మెట్టు నేల మీద ఉండేది. పనసచెట్టు నీడ, అక్కడ నిలబడితే బొర్రా వైపు పోయే రైలు కొండలో దూరడం కనబడేది. అన్న మాత్రం అది రాతి నేల, పునాది తవ్వలేవు, చంటిపిల్లతో అంత ఎత్తుకి నీళ్లు మోసుకోలేవు అని, కింద చదును చూపించాడు. మెత్తటి నేల, గెడ్డకి కూడా మరీ దూరం కాదు. కొండవాగుని మేం గెడ్డ అంటాం. సరే నువ్వు చెప్పాక తిరుగేముంది అన్నాను.

అయితే మాలో ఇల్లు కట్టే ముందు నేలని అడగాలి. సాయంత్రం నాలుగు మూలలా జత జత బియ్యపు గింజలు పక్కపక్కనే పెట్టి, వాటి మీద అడ్డాకు దొప్పలు బోర్లించి, రాయి బరువుంచి వచ్చేస్తారు. తెల్లారి చూస్తే గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉంటే నేల ఒప్పుకున్నట్టు. ఒక్క జత విడిపోయినా సరే, ఆ చోటు వదులుకోవాల్సిందే. చర్చికి పోయేదాన్ని, నాకు వాటి మీద నమ్మకం లేదు, అమ్మ కోసం ఊరుకున్నాను. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లింది అన్నే. మేం వెళ్లేసరికి ఒక్కొక్క దొప్పా ఎత్తి చూపించాడు. ఎనిమిది గింజలూ జతలు జతలుగా చక్కగా ఉన్నాయి. అమ్మ మురిసిపోయి వంగి నేలకి దండం పెట్టుకుంది.

మట్టిగోడలు, పైన రేకులు, ముందు అరుగు, ఇంతే నా ఇల్లు. కానీ నా సొంతం. ఇల్లు నాదయ్యాక వానంటే భయమూ పట్టుకుంది, సరదా కూడా పట్టుకుంది. ఖాళీ సెలైన్ సీసా మీద గీతలుంటాయి కదా, దాని మూతికి గరాటా తగిలించి పెరట్లో నిలబెట్టి, పొద్దున్నే ఎన్ని గీతలు నిండాయో ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆ గీతలు చదివేసి ఈ కొండల వానంతా నాకు తెలిసిపోయిందనుకున్నాను, వెర్రిదాన్ని.

వానాకాలం ముందు చెయ్యాల్సిన పనులు మాత్రం మా అన్నే నేర్పాడు. కట్టెలు అటక మీదికి చేర్చడం, రాగులూ ఉప్పూ కుండల్లో పోసి మూతికి గుడ్డ బిగించడం, గాలి కొట్టే వైపు గోడకి తడికలు ఆనించడం. రేకుల మీద రాళ్లు పేర్చి అడ్డాకు తీగతో వాసాలకి కట్టే పని ఎవరికీ ఇచ్చేవాడు కాదు, తనే ఎక్కేవాడు. అన్నిటికంటే ముఖ్యం ఇంటి వెనక బోదె. కొండ మీంచి దిగే నీళ్లు గోడకి తగలకుండా పక్కకి పోవడానికి మా ఊళ్లో అందరూ జానెడు లోతు తవ్వుకుంటారు. నా ఇంటి వెనక మా అన్న మోకాలి లోతు తవ్వేవాడు, అదీ ఏటికేడు ఇంకాస్త లోతు. తన ఇంటి పని ఆగినా ఆ పని ఆగేది కాదు. మీ అన్నకి నీ మీద ఎంత ప్రేమే అని ఆడవాళ్లనేవాళ్లు, నేను పొంగిపోయేదాన్ని.

తొంభైల చివర్లో, దసరా వెళ్లిన వారానికి పట్టుకుంది వాన. రేడియోలో తుపాను అని చెప్పారు గానీ, సముద్రం ఎక్కడ, మనమెక్కడ అనుకున్నాం. రెండో రోజు పొద్దుటికే సీసా నిండి పొర్లిపోయింది, రాయడానికి గీత మిగల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం పొయ్యి మీద అంబలి కాస్తున్నాను. అన్న తడిసి ముద్దయి లోపలికొచ్చి, పిల్లని భుజానికెత్తుకున్నాడు.

“ఏటి సూస్తన్నావు, అన్నీ ఒగ్గీ! బేగి రా!”

అన్నీ వదిలెయ్యమంటూ నా రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. వాళ్ల అరుగెక్కి వెనక్కి తిరిగానో లేదో కొండంతా హోరెత్తింది. గెడ్డ పొంగి వస్తుందనుకుని నేను కిందికి చూస్తున్నాను, ఎర్రటి నీళ్లు పైనుంచి దిగాయి. మోకాలి లోతు బోదె ఏ మూలకి సరిపోతుంది! వెనక గోడ కూలింది, పక్క గోడలు కూలాయి, రేకులన్నీ రాళ్లతో సహా ఒకే ముక్కగా కదిలి వెళ్లిపోయాయి. మా అన్న వేసిన ముడి ఒక్కటీ ఊడలేదు.

నా బిడ్డని బతికించావని ఏడుస్తూ ఆయన కాళ్ల మీద పడ్డాను. పొయ్యి దగ్గర తడిబట్టలు పిండుతున్న మా వదిన అది చూడలేకపోయింది.

“ఆ కాళ్లు ఒగ్గీ, మరదలా. ఆ పొద్దు రెండు మూలల గింజలు కదిలిపోనాయి. మీ అన్నే సర్దీసినాడు. సెప్పీ, సెప్పీ అని నాను మొత్తుకున్నాను.”

నేను తలెత్తి అన్న మొహంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. పై మెట్టులో ఆ ఏడే కాఫీ మొక్కలు వేసినాను, తీయలేకపోయాను అన్నాడు. మళ్లీ తనే, “పాతికేళ్లు రానేదు కదా, ఇంకేటొస్తాదనుకున్నాను” అన్నాడు.

అప్పుడు గానీ తెలియలేదు నాకు, ఆ చదును గెడ్డ పాత దారి అని. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఒక వానకి గెడ్డ అటు తిరిగి పశువుల సాలని ఎత్తుకుపోయిందట. అమ్మకి తెలుసు, ఊరందరికీ తెలుసు. ఆ ఊళ్లో ఎందరికో పురుళ్లు పోశాను, పిల్లలకి సూదులు వేశాను, ఒక్క నోరైనా విప్పలేదేమని అడిగితే వాళ్లు తెల్లబోయారు. గింజలు నిలిచాయని మీ అన్న చూపించాడు కదా, నేలే ఒప్పుకున్నాక మేమెవరం కాదనడానికి అన్నారు. వాళ్లు గింజల్ని నమ్మారు, నేను అన్నని నమ్మాను. ఐదేళ్లు ఆయన అంత లోతుగా బోదె తవ్వింది ప్రేమతో కాదు, భయంతో. రెండూ ఉన్నాయేమోనని ఇప్పుడు ఒక్కోసారి అనిపిస్తుంది గానీ, ఆ రోజు మాత్రం నా ఒళ్లు మండిపోయింది. నీళ్లు ఇల్లు పట్టుకుపోయిన బాధ ఒక ఎత్తు, ఆయన ఆ దొప్పలు ఎత్తి చూపించిన చేతులు గుర్తుకొచ్చిన బాధ ఒక ఎత్తు.

వాన వెలిశాక పాడేరు బదిలీ అడిగి పిల్లతో వచ్చేశాను. అమ్మ పోయినప్పుడు వెళ్లాను, కానీ ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. పై మెట్టులో కాఫీ ఏపుగా పెరిగి ఉంది.

ఇప్పుడు కాలం మారింది. తుపాను తీరం దాటకముందే ఫోను మోగుతుంది, నేనెవరో తెలియని వాళ్లు కూడా జాగ్రత్త అని చెబుతున్నారు, సంతోషమే. అయితే ఏ నేల మీదుగా ఏ నీరు పోయేదో ఏ ఫోనూ చెప్పదు, అది ఇంట్లోవాళ్లు నోరు తెరిచి చెప్పాల్సిన మాట. హాస్టళ్లలో పెరిగి ఊరికి తిరిగొచ్చే మా పిల్లలు కనబడితే, మీ పెద్దవాళ్లని అడిగి మరీ ఇల్లు కట్టుకోండి, ఒక్కర్ని కాదు, నలుగుర్ని అడగండని చెబుతుంటాను.

ఇలాంటి కబురొచ్చినప్పుడల్లా ఎంత వద్దనుకున్నా మా వదినకి ఫోను చేస్తాను. వానొస్తోంది, లోపలుండండి అంటాను. వదిన ఫోను ఆయనకిస్తుంది. డెబ్బై దాటాడు, వినికిడి తగ్గింది. ఎప్పుడూ ఒకటే మాట అడుగుతాడు, ఇంటి ఎనకాల బోదె తీయించినావా అని. నా ఇంటి వెనక బోదె లేదు, పక్కింటి గోడ ఉంది. తీయించానన్నా, మోకాలి లోతు, అంటాను. హమ్మయ్య అని ఫోను పెట్టేస్తాడు. నేనేం చెప్పినా నమ్ముతాడు. నేనూ ఒకప్పుడు అలాగే నమ్మేదాన్ని.