తల్లిదండ్రుల అనుమతి కోరు

లహరీ, చందూ, మీ స్కూల్ వార్షికోత్సవం రోజు మీకు కనిపించింది ఒక చివర మాత్రమే. స్టేజీ ముందు అమ్మమ్మ ఎత్తి పట్టుకున్న ఫోను, అందులో చెమటలు కారుతున్న నా మొహం, నా భుజం మీదుగా తొంగి చూస్తూ నోట్లో గుండుసూదులు పెట్టుకున్న ఇంకొకావిడ. ఆవిడెవరు, నువ్వెందుకు అంత ఆలస్యంగా వచ్చావు అని మీరు అడిగారు. "సిగ్నల్ లేదమ్మా" అన్నాను. అది అబద్ధం. అబద్ధాలు ఆడకూడదని మీకు రోజూ చెప్పేది నేనే కాబట్టి, రెండు వారాలుగా నాకు అన్నం సరిగా సహించడం లేదు. ఇటువైపు ఏం జరిగిందో మీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్తాను.

మీకు తెలిసిన సంగతులే, అయినా వరసలో చెప్పడం నాకు అలవాటు. మీరు మదనపల్లెలో అమ్మమ్మ దగ్గరుండి చదువుకుంటున్నారు. నాన్న ఎప్పుడూ లారీ మీదే. నేను బెంగళూరులో, హూడి దగ్గర ఒక కంపెనీలో క్వాలిటీ చెకింగ్. రోజంతా సర్క్యూట్ బోర్డులు భూతద్దం కింద పెట్టుకుని తప్పెక్కడుందా అని వెతకడమే నా పని. లోపలికి కెమెరా ఫోన్ రానివ్వరు. అందుకని నాది బటన్ ఫోను. మీ మొహాలు చూడాలంటే ఇంటికొచ్చి టాబ్లెట్ తెరవాల్సిందే.

పాత టాబ్లెట్ లహరి పాకే రోజుల్లో కొన్నది. పలకంత బరువు. ఒక మూల పగిలింది. కానీ గొంతు మాత్రం గొంతే. మీరు అందులోంచి "అమ్మా" అని పిలిస్తే మా వఠారంలో నాలుగిళ్ళ ఆడవాళ్ళు పలికేవాళ్ళు. అలాంటిది ఒకరోజు "ఈ పరికరానికి ఇక అప్‌డేట్లు రావు" అని రాసి చూపించింది.  సరిగ్గా ఆ వారమే లహరి ఒక షరతు పెట్టింది.

పోయిన సంవత్సరం వార్షికోత్సవానికి వస్తానని చెప్పి నేను రాలేదు. చివరి నిమిషంలో షిఫ్టు మార్చారు. లహరి స్టేజీ ఎక్కి, రెండు ముక్కలు చెప్పి, జనంలో నన్ను వెతుక్కుని, కనిపించక దిగిపోయింది. ఈసారి ఏకపాత్రాభినయం. పాత్ర టమాటా. ఒకరోజు రోడ్డు మీద పారబోసి, ఇంకోరోజు బీరువాలో దాచుకుంటారని మనుషుల మీద టమాటా చేసే ఫిర్యాదు. "నువ్వు రాకపోయినా పర్వాలేదమ్మా. అమ్మమ్మ ఫోన్లో నీ మొహం కనిపించాలి. కనిపిస్తేనే చెప్తా. లేకపోతే నోరు తెరవను" అంది. ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుంది. నా కూతురు కదా.

అంత ముఖ్యమైన రోజుని అప్‌డేట్లు రాని పరికరం చేతిలో పెట్టడమా? కొత్తది కొనాలని నిశ్చయించుకున్నాను. మన బడ్జెట్లోనే.

షాపతను డబ్బా తెరుస్తూ, "మేడమ్, మీ పాతదానికంటే నాలుగింతలు ఫాస్ట్" అన్నాడు. ఇంటికి తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టి పరీక్షించాను. పాతది నిద్రలేవడానికి అర నిమిషం. కొత్తది నాలుగు నిమిషాలు. పాతదాంట్లో మీ గొంతు పక్కింటికి వినిపించేది. కొత్తదాన్ని చెవికి ఆనించుకుంటే, మీరు బావిలో ఉండి మాట్లాడుతున్నట్టు వినిపించింది. ఇక రంగులు. రిహార్సల్ రోజు లహరి ఎర్ర గౌను వేసుకుని కనిపించగానే, "వంకాయ వేషం కూడా ఉందా?" అని అడిగాను. తర్వాత అరగంట సేపు ఆ పిల్లని బుజ్జగించిన పాపం ఆ టాబ్లెట్‌దే.

షాపుకి పట్టుకెళ్ళాను. అతను దాన్ని ఇటూ అటూ తిప్పి, "కొత్త కోడలు లాంటిది మేడమ్. ఒక నెల టైమివ్వండి, సర్దుకుంటుంది" అన్నాడు.

"వార్షికోత్సవం వచ్చే వారం" అన్నాను.

"పిల్లలు కూడా వాడతారా?"

"సెలవుల్లో ఇక్కడికి వస్తే వాడతారు."

"మరి సేఫ్టీ లాక్ వేయించుకోలేదా?" అన్నాడు. ఇల్లు కట్టి తలుపు పెట్టించుకోలేదా అన్నట్టుగా.

ఒక తల్లిని అలా అడిగితే ఏమంటుంది? వేయమన్నాను. లహరి పేరు, వయసు తొమ్మిది, రోజుకి రెండు గంటలు. మొహం దగ్గరగా పెడితే "కొంచెం దూరం జరుగు" అని హెచ్చరిక. సమయం దాటితే తల్లిదండ్రులు తమ ఫోన్లోంచి అనుమతి ఇవ్వాలి. "మీ ఫోనివ్వండి" అన్నాడు. బటన్ ఫోన్ ఇచ్చాను. అతను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు. పోల్చి చూపించడానికి సంచిలో తెచ్చిన పాత టాబ్లెట్ ఉంటే తల్లిదండ్రుల ఆప్ దాంట్లో వేశాడు. నేను పక్కనే నిలబడి తల ఊపాను. ఇది గుర్తు పెట్టుకోండి. ఆ మర్నాడు నేను దీన్ని గుర్తు పెట్టుకోలేదు.

కొత్తది ఎలాగూ సర్దుకుంటుందన్నాడు కదా అని, మర్నాడు పాత టాబ్లెట్‌ని పక్కింటి మునిరత్నమ్మకి ఇచ్చేశాను. ఆవిడ ఇంట్లో కూర్చుని చీరలకి ఫాల్స్ కుడుతుంది. కుడుతూ సీరియళ్ళు చూసుకోవడానికి ఉంటుందని. ఇచ్చే ముందు మన ఫొటోలన్నీ తీసేశాను. నా మెయిలు తీసేశాను. తల్లిదండ్రుల ఆప్ దగ్గరకొచ్చి ఆగాను. ఆవిడకీ ఇద్దరు కొడుకులున్నారు, పనికొచ్చే వస్తువుని తీసేయడం ఎందుకని ఉంచేశాను. పైగా కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"మునిరత్నమ్మా, పిల్లలు ఇంకా టైం కావాలని అడుగుతూ ఇందులో మెసేజ్ పెడతారు. నువ్వు 'వద్దు' అనేదే నొక్కాలి. ఒక్కసారి కరిగావంటే ఇక అంతే."

"అట్నే అక్కా" అంది.

"ఏడ్చినా సరే."

"యెవురు యేడ్చినా సరే అక్కా."

వార్షికోత్సవం రోజు నేను రెండో షిఫ్టుకి మార్పించుకుని ఇంట్లోనే ఉన్నాను. లహరి వంతు పదకొండుకి. కొత్త టాబ్లెట్ నిద్రలేవడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటుందని తెలుసు కదా, అందుకని పొద్దున్నే లేపి, మళ్ళీ పడుకోనివ్వకుండా కూర్చున్నాను. ఎనిమిదిన్నరకి అమ్మమ్మకి కాల్ చేసి సిగ్నల్ చూశాను. తొమ్మిదికి కిటికీ దగ్గర వెలుతురు చూశాను. తొమ్మిదిన్నరకి మళ్ళీ సిగ్నల్. మధ్యలో తెర ఆరిపోబోతే వేలితో తాకి బతికించాను. మామూలు రోజుల్లో నేను దాన్ని గంట కూడా వాడను. ఆ రోజు పదిన్నరకి తెర మీద ఒక ఎలుగుబంటి పిల్ల వచ్చి దుప్పటి కప్పుకుంది.

"లహరీ, ఈ రోజుకి నీ సమయం అయిపోయింది! బయటికెళ్ళి ఆడుకో!"

కింద చిన్నగా ఒక బటన్. "తల్లిదండ్రుల అనుమతి కోరు."

కోరాను. గోడ అవతల ఎక్కడో టింగుమంది. కాసేపటికి తెర మీద "నీ తల్లిదండ్రులు వద్దన్నారు" అని వచ్చింది.

తల్లిని నేనే. నేను ఏమీ అనలేదు. మళ్ళీ కోరాను. టింగు. వద్దన్నారు. నేనే సరిగా చదవలేదేమోనని దగ్గరకెళ్ళి చూస్తే, "కొంచెం దూరం జరుగు" అంది.

బటన్ ఫోన్లో అమ్మమ్మకి చేశాను. అక్కడ మైకుల గోల.

"అమ్మా, టాబ్లెట్ నా తల్లిదండ్రుల అనుమతి అడుగుతోంది."

"ఏందే?"

"టాబ్లెట్ చూడ్డానికి మీ వాళ్ళ పర్మిషన్ తీసుకో అంటోంది."

"నీకు ముప్పైయెనిమిదేండ్లు వచ్చె. ఇద్దరు పిల్లోళ్ళు. ఇప్పుడడుగుతావా నన్ను పర్మిషను?" అంది. మళ్ళీ నా గొంతు విని కరిగింది. "సరే, ఇచ్చినా పో. చూసుకో."

చూసుకోవడానికి వెళ్ళాను. ఎలుగుబంటి నిద్రపోతోంది.

కోరడం, టింగుమనడం, వద్దనడం. కోరడం, టింగుమనడం, వద్దనడం. ఎనిమిదోసారికి ఆ టింగు మీద నాకు అనుమానం వచ్చింది. బటన్ నొక్కాను, టింగుమంది. నొక్కకుండా ఆగాను, నిశ్శబ్దం. ఇంకెవరైనా అయితే అప్పుడే పరిగెత్తేవాళ్ళు. కానీ ఒక్కసారి చూసి తప్పు ఇదేనని తేల్చకూడదు. మా కంపెనీలో మూడుసార్లు చూడాలి. పిల్ల టమాటా వేషంలో నిలబడి ఉండగా నేను మూడుసార్లు చూశాను.

బటన్ ఫోన్ మోగింది. అమ్మమ్మ. "అది స్టేజీ ఎక్కిందే. టీచరు చెప్పమంటా ఉంది. అది నా చేతిలో ఫోనుకల్లే చూస్తా నిలబడింది, నోరు తెరవడం లే. ఎక్కడ చచ్చినావే?"

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. మునిరత్నమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది, ఒళ్ళో నీలం చీర, మిషనుకి ఆనించి మన పాత టాబ్లెట్. సీరియల్ ఆగిపోయి ఉంది. తెర మీద పెద్ద అక్షరాలు. "లహరి ఇంకా సమయం కోరుతోంది." కింద రెండు బటన్లు. ఆవిడ వేలు గాల్లో ఉంది.

"నొక్కొద్దు!"

"నువ్వా అక్కా! మంచికి వస్తివి. మీ పాప యేమప్పా ఇంత మొండి? పొద్దన్నించీ వదలకుండా అడగతా ఉండాది. పదకొండుసార్లు వద్దని నొక్కినా. ఇస్కూలు టయానికి దీనికి టాబ్లెట్ ఎందుకు?"

"అది లహరి కాదు. నేను."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు అడిగినా ఇయ్యొద్దంటివే."

"నేనలా ఎప్పుడన్నాను?"

"యెవురు యేడ్చినా సరే అంటిని కదా. నువ్వూ సరేనంటివి. ఇప్పుడు నువ్వు యేడస్తా ఉండావు."

వాదించే సమయం లేదు. కొత్తదానికి అనుమతి ఇచ్చినా ఆ ఎలుగుబంటి నిద్రలేచేసరికి వార్షికోత్సవం అయిపోయి, షామియానా విప్పేస్తారు. ఆ పాతదాంట్లోంచే, మునిరత్నమ్మ వాళ్ళాయన నంబరు మీద, అమ్మమ్మకి వీడియో కాల్ చేశాను. రెండో రింగుకే అమ్మమ్మ ఎత్తి ఫోను పైకి పట్టుకుంది.

స్టేజీ కనిపించింది. మధ్యలో నువ్వు, లహరీ. ఎర్రగా, నిజమైన ఎరుపు, తల మీద ఆకుపచ్చ తొడిమ. పెదాలు బిగించుకుని నిలబడ్డావు. వెనక టీచరు నిన్ను దింపడానికి చెయ్యి చాచింది. నువ్వు ఫోనులోకి చూశావు. నన్ను చూశావు. టీచరు చేతిని పక్కకి నెట్టేశావు.

"అయ్యా! అమ్మా! నేను టమాటాని!"

ఆ గొంతు వఠారం మొత్తానికీ వినిపించింది. మునిరత్నమ్మ గుండుసూదులు నోట్లో ఉన్న సంగతి మరిచిపోయి ఈల వేయబోయింది. నేను ఆపాను. నువ్వు ఒక్క ముక్క మరిచిపోలేదు. బీరువా దగ్గర జనం నవ్వారు. పారబోసే దగ్గర అమ్మమ్మ కళ్ళు తుడుచుకోబోతే ఫోను పైకి తిరిగి, కాసేపు మాకు షామియానా గుడ్డ మాత్రమే కనిపించింది. అయినా విన్నాం. నేను ఏడ్చింది అప్పుడు. అంతకుముందు వగర్చింది పరుగు వల్ల.

తర్వాత ఇంటికెళ్ళి ఆ కొత్తదాని సంగతి చూద్దామని కూర్చున్నాను. పేరు మార్చి, నా వయసు వేద్దామనుకున్నాను. వయసు మార్చాలన్నా తల్లిదండ్రుల అనుమతి కావాలంది. మళ్ళీ మునిరత్నమ్మ గుమ్మం ఎక్కాను. ఆవిడ దారం కొరుకుతూ, "దేనికి?" అని అడిగింది. చెప్పాను. ఆలోచించి ఇచ్చింది. పదిహేను నిమిషాలు.

ఇదీ జరిగింది. సిగ్నల్ బాగానే ఉంది, తప్పు నాది. ఈ సంగతి మీ దగ్గరే ఉంచుకోకండి. అమ్మమ్మకి చెప్పండి, ఆ టీచరుకి చెప్పండి, రేపు మీకు పిల్లలు పుట్టి టైం చాలదని ఏడిస్తే వాళ్ళకీ చెప్పండి. చెప్పేటప్పుడు మునిరత్నమ్మ మీద మాత్రం ఒక్క మాట పడనివ్వకండి. నేను చెప్పినదాన్ని చెప్పినట్టు పాటించిన మనిషి ఈ లోకంలో ఇంతవరకు ఆవిడ ఒక్కతే. మీ ఇద్దరినీ కలిపి లెక్కేసే అంటున్నాను.