రెండు పులుల పాస్‌పోర్టు

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందే రాసేస్తాను. ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుండగా అత్తయ్య పెట్టె తెరిచి ఆవిడ పాస్‌పోర్టు బయటికి తీశాను. అద్దం ముందుకు వెళ్లి, ఫొటో ఉన్న పేజీని గడ్డం కింద పట్టుకుని, అందులో ఉన్నది నేనేనని కాసేపు అనుకున్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఆ రోజు పేజీలో ఎండ ఎక్కువగా ఉందని మాత్రం రాసి మూసేశాను.

ఆ పాస్‌పోర్టు అట్ట మీద ఎదురెదురుగా నిలబడిన రెండు పులుల బొమ్మ ఉండేది. లోపల ఇంగ్లీషులో ఒక వాక్యం. ఈ పుస్తకం పట్టుకొచ్చిన మనిషిని అడ్డుపెట్టకుండా పోనివ్వమనీ, అవసరమైతే ఆదుకోమనీ మలేషియా రాజు పేరు మీద అందరినీ కోరే వాక్యం. నూజివీడు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో మంచి వాక్యాలు చాలా చదివాను. కానీ ఒక మనిషి కోసం ముక్కూ మొహం తెలియని వాళ్లందరినీ అడిగే వాక్యం అదొక్కటే చూశాను. బజారుకి ఒంటరిగా వెళ్లాలంటేనే అరచేతులు చెమటపట్టే నాకు, అలాంటిది ఒకటి నా పేరున ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

అది ఎనభై ఆరు వేసవి. అత్తయ్య మా నాన్నకి అక్క. నేను పుట్టకముందే పెళ్లయి మలయా, అంటే ఇప్పటి మలేషియా, వెళ్లిపోయింది. మావయ్య అక్కడ రబ్బరు తోటలో గుమాస్తా. ఆ దేశానికి స్వతంత్రం వచ్చిన కొన్నేళ్లకి, పౌరులు కానివాళ్లు ఉద్యోగం చేయాలంటే పర్మిట్టు తీసుకోవాలన్నారట. అది ఇస్తారో ఇవ్వరో తెలియని భయంతో మావయ్య ఇద్దరికీ అక్కడి పౌరసత్వం తెప్పించాడు.

"పరాయివాళ్లకిచ్చే ఎర్ర కార్డు పోయి పౌరుల నీలం కార్డు వచ్చింది. ఉద్యోగం నిలబడిందని ఆ రోజు పాయసం కూడా వండాను. దానికి బదులు ఇక్కడి మనిషిని కాకుండా పోతానని ఎవరనుకున్నారు?" అనేది అత్తయ్య.

మావయ్య పోయాక తోటవాళ్లిచ్చిన ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. పిల్లలు లేరు. కొన్నాళ్లు మావయ్య తమ్ముడి కొడుకు ఇంట్లో ఒక గదిలో ఉండి, ఇక పుట్టింట్లోనే ఉండిపోదామని ఒక పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. అంతకు ముందు ఒకసారి వచ్చినప్పుడు వీసా ఊసే లేదట. ఈసారి వీసా కావాలన్నారు, మూడు నెలలకే ఇచ్చారు. మద్రాసు ఎయిర్‌పోర్టులో దిగి, ఇండియన్ల వరసలో నిలబడితే, ఆఫీసరు పాస్‌పోర్టు చూసి పక్క వరసలోకి పొమ్మన్నాడు. అక్కడ అందరూ తెల్లవాళ్లూ, జపాను వాళ్లూనట.

"మీ అమ్మకి తెచ్చిన చీర చూసి సుంకం కట్టాలంటారేమోనని, ఆ వరసలో నిలబడినంతసేపూ దాన్ని ఒంటికి చుట్టుకునే ఉన్నాను" అని నవ్వించింది. నాన్న మాత్రం నవ్వలేదు. వీసా గడువు ఎప్పటిదాకా ఉందో చెప్పమని నన్నడిగాడు. నాన్న హైస్కూల్లో తెలుగు పండితుడు. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా చదవాల్సింది నేనే. జూన్ మధ్య వరకేనని చెప్పాను. ఆమె వచ్చిన ఆ మార్చిలో మా తోటలో మామిడికాయ ఇంకా పిందె దశ దాటలేదు.

గడువు పెంచమని నాన్న చెప్పినట్టు నేను ఇంగ్లీషులో అర్జీ రాసి బందరు జిల్లా పోలీసు ఆఫీసుకి పంపాం. అప్పటినుంచి వీధిలో మోటారు సైకిలు చప్పుడైతే చాలు, అమ్మ వంటింట్లోంచి తొంగి చూసేది. చివరికి మే నెలలో ఒక కానిస్టేబులు వచ్చాడు, సైకిలు మీద.

"ఇక్కడెవరో ఫారినర్ ఉన్నారటండీ, ఎంక్వయిరీకి వచ్చాను" అన్నాడు వాకిట్లోంచి.

అత్తయ్య వసారాలో పీటేసుకుని మాగాయకి కాయ చెక్కు తీస్తోంది. తల ఎత్తకుండానే, "నేనే నాయనా. రా, అరుగు మీద కూర్చో" అంది.

"మీరు కాదండీ మామ్మగారూ. మలేషియా నుంచి వచ్చినావిడ."

"ఆవిడా నేనే. పుట్టింది మాత్రం నువ్వు సైకిలు ఆనించావే, ఆ గోడ అవతల గదిలో."

అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని ఆమెనీ, ఆమె ముందున్న ముక్కల గుట్టనీ మార్చి మార్చి చూశాడు. "ఫారినర్లు మాగాయ కూడా పెడతారాండీ?"

"పెట్టకపోతే ఇవాళే వెళ్లగొట్టేట్టున్నారుగా. ఇదిగో ముక్క, ఉప్పద్దుకో."

పళ్లు పులిసి ఒక కన్ను మూసుకునే అతను ప్రశ్నలు అడిగాడు, నేను పాస్‌పోర్టులో చూసి జవాబులు చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. "పాప గట్టిగా మాట్లాడితే ఫైనేస్తారాండీ ఇక్కడ?" అన్నాడు. అత్తయ్య పకపకా నవ్వింది. వెళ్తూ వెళ్తూ నాన్నతో, "బందరు రమ్మంటారండి మాస్టారూ. ఆవిడ ఉండేది మీ ఇంట్లోనేనని రుజువడుగుతారు. రేషన్ కార్డు పట్టుకెళ్లండి" అని చెప్పాడు.

అతను చెప్పింది ఇల్లు మాదేనని చూపించడానికి. మా వైపు రేషన్ కార్డు లేనిదే ఏ పనీ జరగదు. బడిలో చేరాలన్నా అదే, గ్యాసు కావాలన్నా అదే. నాన్న కార్డు తీసి చూసుకున్నాడు. అందులో ముగ్గురి పేర్లే ఉన్నాయి: తను, అమ్మ, నేను. అక్క పేరు లేని కార్డు పట్టుకెళ్లి, అక్క మా ఇంటి మనిషేనని ఏ మొహంతో చెప్పడం అని ఆయనకి తోచింది.

"తాలూకా కచ్చేరీకి వెళ్లిరా పోనీ" అంది అత్తయ్య. తాలూకాలు పోయి మండలాలొచ్చిన సంగతి ఆమెకి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండేది కాదు.

మండలాఫీసులో రేషన్ గుమాస్తా నాన్న దగ్గర చదువుకున్నవాడే. మాస్టారు అడిగారు కదా అని ఇంకో ప్రశ్న వేయకుండా రాసిచ్చాడు. నాలుగో పేరు, బంధుత్వం దగ్గర అక్క. అత్తయ్య ఆ వరస మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకుంది. "ఇంత సన్నగా రాశాడేంట్రా, చీమ పాకినట్టు" అని వంక పెట్టింది గానీ, సాయంత్రం దాకా కార్డు ఒళ్లోనే ఉంచుకుంది. ఆ నెల డిపోలో ఆమె వాటా పంచదార కూడా ఇచ్చారు. "నా పంచదార! ఎవరూ చెయ్యి పెట్టకండి" అని డబ్బా దాచి, అందరికీ ఆ పంచదారతోనే కాఫీ ఇచ్చింది. ఆమె వచ్చాక నాన్న మొహం తేటపడింది ఆ వారమే.

  ఆఫీసరుతో ఇంగ్లీషులో నువ్వే మాట్లాడాలని నాన్న చెప్పినప్పటినుంచీ నాకు మాత్రం అన్నం సయించలేదు. డైరీ వెనక పేజీల్లో వాక్యాలు రాసుకుని బట్టీ పట్టాను. దొడ్లో బట్టలు ఆరేస్తూ గొణుక్కుంటుంటే, "దీనికేమైందండీ, జపం చేస్తోంది?" అని అమ్మ నాన్ననడిగింది. ఒక్క మాట తప్పుగా పలికితే అత్తయ్యని పంపించేస్తారన్నంత భయంగా ఉండేది.

జూన్ మొదటి వారంలో బందరు వెళ్లాం. మామిడి తోట కౌలుకిచ్చినా, ఇంటి వాడకానికని ఒక్క చెట్టు మినహాయించుకోవడం మా వైపు పద్ధతి. ఆ చెట్టు చిన్న రసాలు గడ్డిలో మాగేసి, నాన్న ఒక బుట్ట కట్టించాడు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, గుడివాడ మీదుగా వెళ్తుంటే ఆ వాసనకి బస్సంతా మా వైపే చూసింది. "ఇది లంచమవుతుందా నాన్నా?" అని మెల్లిగా అడిగాను. "పండు లంచమేంటే" అన్నాడు గానీ, దిగాక బుట్ట మీద తువ్వాలు కప్పాడు.

ఇన్‌స్పెక్టరు గారు నాన్న ఈడువాడే. నేను బట్టీ పట్టినవేవీ అక్కర్లేకపోయాయి. ఆయన తెలుగులోనే మాట్లాడాడు.

"ఎన్నాళ్లు ఉండాలనుకుంటున్నారమ్మా?"

"ఉండనిచ్చినన్నాళ్లు నాయనా."

"అలా రాస్తే కుదరదమ్మా. మీరు ఆ దేశస్థులు. మా అతిథులన్నమాట. అతిథి ఎప్పుడు వెళ్తారో మాకు తెలియాలి."

అతిథి అన్న మాట నాన్నకి గుచ్చుకుంది. కుర్చీలో ముందుకి జరిగాడు. "అతిథేంటండీ? పుట్టింది మా ఇంట్లో, మాట్లాడేది మా మాట. రుజువు తెచ్చానండీ, చూడండి" అని సంచిలోంచి రేషన్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగో పేరు కనపడేలా తిప్పి మరీ పెట్టాడు.

ఆయన చదివాడు. కలం మూత పెట్టేశాడు. 

"ఇది ఎప్పుడు రాయించారండీ?"

"మొన్న నెలలోనేనండీ" అన్నాడు నాన్న సంతోషంగా.

"మీది గవర్నమెంటు ఉద్యోగమేనా?"

"అవునండీ. జిల్లా పరిషత్ హైస్కూలు."

ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "పండితులుగారూ, వేరే దేశం పాస్‌పోర్టున్న మనిషిని ఇక్కడి మనిషని చెప్పి రేషన్ కార్డెక్కించారు. ఇది నేను చూశానంటే ముగ్గురి మీద రాయాలి. ఆవిడ మీద, మీ మీద, రాసిన గుమాస్తా మీద. మీరు చూపించిన రుజువు దేనికి రుజువో ఆలోచించారా?"

 నాన్న చెవులు ఎర్రబడ్డాయి. పిల్లల వ్యాకరణం దిద్దే మనిషి అలా తలొంచుకుని కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు.

"పేరు కొట్టించేస్తామండీ. రేపే" అన్నాడు చివరికి.

"కొట్టేసిన పేరు ఇంకా బాగా కనపడుతుందండీ. పొడిగింపు ఇవ్వమని నేను పైకి రాస్తే, వాళ్లు మళ్లీ ఎంక్వయిరీ వేస్తారు. ఇంటికొస్తారు, కార్డడుగుతారు, మండలాఫీసులో రిజిస్టరు తీయిస్తారు." ఆయన కార్డు మడిచి నాన్నకి కాకుండా నా చేతికిచ్చాడు. "సంచిలో పెట్టమ్మా. నేను చూడలేదు."

అత్తయ్యకి అంతా అర్థమైంది. ఆయన బల్ల మీదున్న పాస్‌పోర్టు కోసం చెయ్యి చాపి, "నా అర్జీ కూడా నాకిచ్చేయి నాయనా. గడువు లోపలే వెళ్తాను" అంది.

"అక్కా, నువ్వూరుకో. ఏదో దారి ఉంటుంది."

"ఏం దారిరా? నీ ఉద్యోగం ఊడగొట్టి నీ ఇంట్లో కూర్చోనా? ఆ గుమాస్తా కుర్రాడికి పెళ్లాం పిల్లలు లేరూ?"

"వెళ్లి, కొత్త వీసా పెట్టుకుని మళ్లీ రండమ్మా. ఈ లోపల ఇంట్లో కాగితాలు సరిచేసుకుంటారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు గారు. ఆ మాట మంచిగానే అన్నాడు. నాన్న బుట్ట ముందుకి జరిపితే, వద్దని చెయ్యి ఊపాడు.

 తిరుగు బస్సులో ఎండకి పళ్లు మెత్తబడి అడుగున రసం కారింది. గుడివాడ దాటాక అత్తయ్య బుట్టలోంచి ఒక పండు తీసి నలిపి, మొన కొరికి, నాన్న చేతిలో పెట్టింది. "తినరా. లంచం మిగిలిపోయింది" అంది. నాన్న తింటూ కళ్లు తుడుచుకున్నాడు. కిటికీలోంచి దుమ్ము పడిందన్నాడు.

ఆ తర్వాత రోజులన్నీ వీసా గడువు చుట్టూనే తిరిగాయి. మళ్లీ ఎవరైనా వస్తారేమోనని అమ్మ కార్డుని బియ్యం డబ్బా అడుగున పెట్టింది. నేను పాస్‌పోర్టులోని ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. అడ్డుపెట్టకుండా పోనివ్వమనే ఉంది, పోనివ్వడానికే. ఉండనివ్వమని ఎక్కడా లేదు. మొదటిసారి చదివినప్పుడు అది నాకు తట్టలేదు.

బెజవాడ స్టేషన్లో మద్రాసు బండి ఎక్కించాం. మాగాయ జాడీ మూతకి గుడ్డ కట్టి అత్తయ్య పక్కన పెట్టాం. అక్కడి కస్టమ్స్ వాళ్లు రానిస్తారో లేదో మాకెవరికీ తెలియదు. పాస్‌పోర్టు ఆమె నడుముకి కట్టుకున్న సంచిలో ఉంది. మాటిమాటికీ తడిమి చూసుకుంటోంది. నాన్న మంచినీళ్ల కోసం వెళ్లాడు. నేనొక్కదాన్నే కిటికీ దగ్గర నిలబడ్డాను. అద్దం ముందు నేను చేసిన పని చెబితే నవ్వుతుందనిపించింది. చెబుదామని చువ్వలు పట్టుకున్నాను. చివరికి జాడీ మూత గుడ్డ గట్టిగా ఉందా అని మాత్రం అడిగాను.

ఆ తర్వాత మళ్లీ వస్తానని రెండుసార్లు కబురు పంపింది గానీ, రాలేదు. ఇక రాదని కూడా తర్వాత తెలిసింది. ఆ రోజు బండి కదులుతుంటే ఆమె చువ్వల్లోంచి నా బుగ్గ మీద చెయ్యి వేసి, నాన్న వస్తున్నాడేమోనని అటూ ఇటూ చూసి అంది:

"కార్డులో నా పేరు తొందరపడి కొట్టించొద్దని నాన్నతో చెప్పవే. ఈ నెల నా పంచదార ఇంకా ఇవ్వలేదుగా, అది తెచ్చుకున్నాకే కొట్టించమను."