ఒక వైపు కుంగిన కారు

పెళ్లీ పెటాకులూ లేని కళ్లద్దాల షాపాయనకు ఇరవై రెండేళ్లుగా తోడున్నది ఆ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారే. ఈమధ్య అది మలుపుల్లో పక్కకు లాగుతోంది, గుంతల్లో టకటకమంటోంది. మెకానిక్ నాలుగు చక్రాల దగ్గరా టేపు పెట్టి ఎత్తు కొలిచాడు.

"డ్రైవర్ వైపు స్ప్రింగులు బాగా కుంగిపోయాయి సార్. రెండో వైపువి బాగానే ఉన్నాయి. పక్క సీట్లో ఎవరూ కూర్చోరా?"

"ఎవరున్నారయ్యా కూర్చోడానికి!" అని నవ్వబోయాడు గానీ ఆయనకు నవ్వు రాలేదు.

స్ప్రింగులు, అరిగిన రబ్బరు బుష్‌లు మార్చాక మెకానిక్ పక్క సీట్లో కూర్చోగా ఇద్దరూ ఊరి చివరిదాకా వెళ్లొచ్చారు. కారు ఎక్కడా కిక్కురుమనలేదు. అయినా షెడ్డు ముందు ఆపి ఆయన అన్నాడు:

"ఇంకా ఏదో చప్పుడొస్తోందయ్యా. మరో చుట్టు తిరిగొద్దామా?"

"నాకేం వినపళ్లేదే సార్," అంటూనే మెకానిక్ విప్పిన సీటు బెల్టు మళ్లీ పెట్టుకున్నాడు.