వందకి రెండు రూపాయల కబుర్లు

సీతారామలక్ష్మి పెళ్లి చేసుకోలేదు. మంచాన పడ్డ తల్లిని చూసుకోవడంలోనే ఏళ్లు గడిచిపోయాయి. తల్లి పోయాక, రాజమండ్రి దానవాయిపేటలోని ఆ డాబా ఇంట్లో ఏం చేయాలో తోచక, ఎవరో అడిగారని బూడిదగుమ్మడి వడియాలు పెట్టి ఇచ్చింది. వాళ్లు ఇంకొకరికి చెప్పారు. అలా అలా ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లు చేయడం మొదలుపెట్టారు.

అరకేజీ వడియాల కోసం ఫోన్ చేసినవాళ్లు అరగంట మాట్లాడేవారు. ఒకావిడ కోడలి వేవిళ్ల సంగతి చెప్పేది. ఒకాయన మోకాళ్ల నొప్పికి తను రాసుకునే నూనె పేరు రెండుసార్లు విడమర్చి చెప్పేవాడు. చేతుల నిండా మినప్పిండి ఉన్నా సరే, ఫోను చెంపకీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఊ కొట్టేది సీతారామలక్ష్మి.

ఓసారి కర్నూలు వెళ్లాల్సిన పార్సిలు కడప వెళ్లింది. ఆ గొడవ విని, విశాఖపట్నంలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న అన్నగారమ్మాయి ఉమాశ్రీ రంగంలోకి దిగింది. వడియాలకి ఒక వెబ్‌సైటు, డబ్బు కట్టడానికి ఒక లింకు తయారుచేసింది.

"ఇక నువ్వు ఫోన్ ఎత్తక్కర్లేదత్తా. వాళ్లే ఎడ్రస్ కొట్టుకుంటారు, వాళ్లే డబ్బు కట్టేస్తారు. నువ్వు ప్యాక్ చేసి పంపడమే" అంది.

అన్నట్టే అయింది. అమ్మకాలు పెరిగాయి. ఫోను మాత్రం మూగబోయింది. ఆర్డరు వచ్చినప్పుడు టింగుమని ఒక మోత, అంతే. ఎవరు తింటున్నారో, కరకరలాడాయో లేదో చెప్పే నాథుడు లేడు.

కొన్నాళ్లకి, బ్యాంకులో పడుతున్న సొమ్ము అమ్మిన సొమ్ము కంటే తక్కువగా ఉంటోందని గమనించి ఉమాశ్రీని అడిగింది.

"అది గేట్‌వే వాళ్ల చార్జీ అత్తా, ఆ డబ్బు కట్టే లింకు నడిపేవాళ్లది. మన లింకులో ఎవరు కట్టినా వందకి రెండు రూపాయలు పట్టుకుంటారు. దాని మీద జీఎస్టీ. చిన్న వ్యాపారులందరికీ ఉన్నదే."

"పోనీ, నేరుగా నా నంబరుకే పంపిస్తే?"

"అప్పుడేం పోదు. కానీ ఎవరు పంపారో, దేనికి పంపారో నువ్వే కనుక్కోవాలి. ఎవరు పడతారత్తా ఆ బాధ?"

ఆ బాధ పడటానికి సీతారామలక్ష్మికి బోలెడంత తీరిక ఉంది. మర్నాడు మధ్యాహ్నం వడియాలు ఎండబెట్టి వచ్చి, ఆర్డర్లలోని నంబర్లు చూసి ఫోన్లు మొదలుపెట్టింది.

"హలో అండీ, రాజమండ్రి నుంచి, వడియాల సీతారామలక్ష్మిని."

"పార్సిల్ ఏమైనా లేటా అండీ?" అంది బెంగుళూరు అమ్మాయి.

"లేదమ్మా, పొద్దున్నే పంపేశాను. ఈసారి లింకులో కట్టకు, వందకి రెండు రూపాయలు పోతున్నాయి. నాకో ఫోన్ చేసి..."

"మీటింగ్‌లో ఉన్నానండీ. ఆ రెండూ నా దగ్గరే తీసేసుకోండి, పర్లేదు."

చాలామంది అలాగే ఫోన్ పెట్టేశారు. భిలాయ్‌లో ఉండే జానకిరామ్‌గారు మాత్రం పెట్టలేదు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి, పుట్టింది మొగల్తూరులో. భార్య పోయాక కూతురి దగ్గర ఉంటున్నాడు.

"గోదావరి లంకలో కాసిన గుమ్మడికాయేనాండీ? ముక్కలు రాత్రంతా బరువు కింద పెడతారా? ఇంగువ ఎప్పుడు కలుపుతారు?" అని అన్నీ అడిగాడు. చార్జీ సంగతి విని, "ఎవడికో ఎందుకండీ, మీకే పంపుతాను" అన్నాడు. ఆ తర్వాత ఆదివారాలు ఆయనే ఫోన్ చేసేవాడు. ఆదివారం మధ్యాహ్నం సీతారామలక్ష్మి నిద్రపోవడం మానేసింది.

వానలకి ముందు ఆ ఫోన్లు ఆగిపోయాయి. కొన్నాళ్లు చూసి తనే చేసింది. కూతురు ఎత్తింది.

"నాన్నగారికి బీపీ అండీ. ఉప్పూ, నూనే మానేయమన్నారు. మీ వడియాలు గదిలో దాచుకుని, మేం లేనప్పుడు వేయించుకుంటున్నారు. మొన్న స్టవ్ ఆపడం మర్చిపోయారు. దయచేసి ఇంక పంపకండి."

"అయ్యో, అలాగేనమ్మా. ఒక్కసారి ఆయనకి ఇస్తావా?"

"పడుకున్నారండీ."

వెనక నుంచి ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది.

ఆ వారంలోనే ఉమాశ్రీ ఫోన్ చేసింది. "అత్తా, వడియాలు బావున్నాయి గానీ ఫోన్ల గోల ఎక్కువని సైట్‌లో ఎవరో రాశారు. రేటు కొంచెం పెంచేశాను, చార్జీ అందులో కలిసిపోతుంది. ఇక ఎవరికీ చెయ్యకు." మళ్లీ తనే, "రెండు రూపాయల కోసమేనా అత్తా చేస్తున్నది?" అంది.

"అవును మరి. డబ్బులు ఊరికే వస్తాయా?" అంది సీతారామలక్ష్మి.

ఉమాశ్రీ వచ్చే నెల వస్తానంది. ఎప్పుడూ అనే మాటే అది.

ఒకరోజు మబ్బు పట్టింది. వడియాలు పెట్టే వీలు లేదు. ఆమె గేట్‌వే వాళ్ల సహాయ నంబరుకు ఫోన్ చేసి, తెలుగు కోసం అంకె నొక్కింది. అవతల ఒక ఆడపిల్ల ఎత్తి, చార్జీ ఎందుకు పడుతుందో, జీఎస్టీ ఎలా వేస్తారో ఓపిగ్గా చెప్పింది. సీతారామలక్ష్మికి అదంతా తెలిసిందే. అయినా మొదటిసారి వింటున్నట్టు విన్నది.

"ఇంకేమైనా సహాయం కావాలాండీ?"

"ఏ ఊరమ్మా మీది?"

"అవన్నీ చెప్పకూడదండీ."

"పోనీలే. భోంచేశావా?"

ఆ పిల్ల గొంతు తగ్గించి, "లేదండీ. బ్రేక్ ఇంకా రాలేదు" అంది.

"ఇంత పొద్దెక్కినా తినకపోతే ఎలాగమ్మా? కడుపు మాడ్చుకోకు."

"తింటానండీ" అంది ఆ పిల్ల. ఆ వెంటనే మళ్లీ పాత గొంతుతో, తమకు కాల్ చేసినందుకు ధన్యవాదాలని చెప్పి పెట్టేసింది.

సీతారామలక్ష్మి లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆమె కూడా ఇంకా తినలేదు.